కిందకి వంచిన అద్దం

జ్ఞానదాసు రిమోట్ నొక్కగానే, మంచమంత పొడవున్న బొమ్మ డంపర్ తొట్టి పైకెత్తి కంకర గుమ్మరించింది. గాజువాక చర్చి ఆవరణ చప్పట్లతో మోగిపోయింది.

నరసింహమూర్తికి ఒళ్లు మండింది. గనిలో అసలు డంపర్‌ని ఇరవయ్యేళ్లు నడిపింది తను. జ్ఞానదాసు దాని కింద దూరి బోల్టులు బిగించిన మెకానిక్. తనకి ఒక్కనాడైనా ఎవరైనా చప్పట్లు కొట్టారా?

ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని బొమ్మ చుట్టూ తిరిగి చూశాడు. దొరికింది.

"ఏటి బావా, ఎడం పక్క అద్దం నేల సూత్తంది? ఎనకాల రోడ్డు ఎలా కనిపిత్తాది? తుక్కు రేకులు, వైపర్ మోటార్లు ఏరుకొచ్చి రెండేళ్లు కట్టింది ఇదేనా?" అన్నాడు, అందరికీ వినపడేలా.

"డోరు మీద నంబరు సూడు బావా," అన్నాడు జ్ఞానదాసు.

పదిహేడు. గనిలో తను నడిపిన బండి నంబరు.

"మిగతా డ్రైవర్లు అద్దంలో రోడ్డు సూసీవోరు. నువ్వొక్కడివే కిందకి వంచుకొని, టైర్ల కాడ నాను ఉన్నానేమోనని సూసి కదిపీవోడివి. అద్దం అలా లేకపోతే, ఈ బండి కట్టడానికి నాను ఉండీవోడినే కాదు."

జ్ఞానదాసు రిమోట్ అతని చేతిలో పెట్టాడు. జనం ఎదురుచూశారు. బండి మాత్రం కదల్లేదు.

నరసింహమూర్తి చూపు వెనక టైరు పక్కనే ఉన్న జ్ఞానదాసు పాదం దగ్గర ఆగింది.

"ముందు నీ కాలు తియ్యి బావా," అన్నాడు.