కార్డు లేదంటాంది

"మళ్లా అదే మాట తమ్మీ! గ్రాఫిక్స్ కార్డు లేదంటాంది!" శ్రావణి కీబోర్డును పక్కకు నెట్టేసింది.

కాశిఫ్ తన సంచీ గుమ్మంలో పెట్టి వచ్చి కూర్చున్నాడు. నాలుగున్నరకు కాజీపేటలో అతని రైలు. భోపాల్‌లో కొత్త ఉద్యోగం. ఈ లినక్స్ కంప్యూటర్ సంగతులు తెలిసిన మనిషి శ్రావణికి అతనొక్కడే.

"కార్డు కండ్లముందే ఉంది గదక్కా. ఫ్యాన్ గూడ తిరుగుతాంది."

"గదే దానికి జెప్పు! పద్నాలుగు రోజుల సంది బతిలాడుతాన్న."

ఆమె బాధంతా తల్లి మల్లక్క గొంతు కోసం. ఆ ఇంట్లో ఆ గొంతు వినబడి ఆరేళ్లయింది. మిగిలినవల్లా పాత ఫోన్‌లో ముప్పై రెండు వాయిస్ మెసేజ్‌లు. హాస్టల్లో ఉన్న కూతుర్ని తిట్టినవి కొన్ని, బుజ్జగించినవి కొన్ని. అవి విని గొంతు నేర్చుకుని, మనం టైపు చేసిన మాటను అదే గొంతుతో పలికే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. కార్డు పనిచేస్తే అరగంటలో నేర్చుకుంటుంది. లేకపోతే నెలలు పడుతుంది.

కాశిఫ్ కార్డును నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు. కార్డు లేదంది. కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేశాడు. లేదంది.

"ఏందిర బై ఇది!" అని నెత్తి గోక్కున్నాడు. రెండు దాటింది.

"ఇగ పో తమ్మీ, నీ బండి పోతది. నా నసీబుల లేదనుకుంట." శ్రావణి కళ్లు నిండాయి.

"జర ఆగక్కా, ఫికర్ జెయ్యకు."

ఈసారి సాఫ్ట్‌వేర్‌ను శ్రావణి పేరు మీద కాకుండా, అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్ పేరు మీద నడిపించాడు. ఠక్కున కార్డు దొరికింది!

"అరె! కార్డు మంచిగనే ఉంది, డ్రైవర్ మంచిగనే ఉంది. కార్డును ముట్టుకునే పర్మిషన్ నీ పేరుకు లేదక్కా. గంతే!"

"నా కంప్యూటర్ల నాకే పర్మిషన్ లేదా!"

అతను పగలబడి నవ్వి, పర్మిషన్ ఇస్తూ ఒక్క లైను కొట్టాడు. లాగౌట్ అయి మళ్లీ లోపలికి వెళ్లారు. రెండు వారాలు మొండికేసిన యంత్రం పరుగందుకుంది. ఫ్యాన్ రయ్యిమంది. పది శాతం, నలభై, తొంభై, వంద!

శ్రావణి "బిడ్డా, తిన్నవా?" అని కొట్టింది.

స్పీకర్లు పలికాయి. అదే గొంతు! "బిడ్డా" దగ్గర ఆ సాగదీత, చివర ఆ దబాయింపు. ఎంత వింతండీ! ఒక రేకు డబ్బా లోంచి కన్నతల్లి పిలిచింది. కాశిఫ్ చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. శ్రావణి ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే మరో నాలుగుసార్లు విన్నది.

అతన్ని సాగనంపడానికి గేటు దాకా వచ్చింది. ఆటో దొరకడానికి పది నిమిషాలు పట్టింది. కాశిఫ్ ఎక్కబోతుంటే ఇంట్లోంచి మల్లక్క గొంతు ఖంగుమంది.

"పిలగాన్ని చాయ్ తాగించకుంటనే పంపుతానవానే?"

ఇద్దరూ కొయ్యబారిపోయారు. ఆ గదిలో వాళ్లు ఎవరినీ వదిలి రాలేదు. మరుక్షణం లోపలికి పరుగెత్తారు. పెరటి తలుపు బార్లా తీసి ఉంది.

తెలుగు అక్షరాలు అంటించిన కీబోర్డు ముందు, ఆరేళ్ల కింద కేన్సర్ ఆపరేషన్‌లో మాట పోయిన మల్లక్క, చంకలోని కూరగాయల సంచీ దించకుండానే, ఒంటి వేలితో తర్వాతి అక్షరం వెతుక్కుంటోంది.