ముల్లు మర్యాద

గేదె గిట్టల సందున తుమ్మముల్లు దిగింది. తెల్లారేసరికి కాలు ఎర్రగా వాచి సెగలు కక్కుతోంది. మూడోనాడు మందంతా ఏరు దాటి పచ్చికకు పోతుంది. కాలు కుదరకపోతే గేదె ఒంటరిగా ఎండుగడ్డి పరకలు ఏరుకోవాల్సిందే.

“ముందు ఈ వాపుని వదిలించుకోవాలి” అంటూ అది బురదలో కాలు పెట్టింది.

“నిజమే అక్కా” అంది ముల్లు మెత్తగా. “నేనైతే ఉలుకూ పలుకూ లేకుండా ఓ మూల పడి ఉన్నాను. గోలంతా దానిదే.”

వాపు భగ్గుమంది. “ఓసి వెర్రిదానా, పొడిచింది అది. నీ నెత్తుట్లోని నావాళ్లని కేకేసి పిలిచి, దాని కుళ్లు పైకి పాకకుండా కాపలా కాస్తున్నది నేను. మంట నాదే, ఒప్పుకుంటాను. మంటే లేకపోతే లోపల ముల్లుందని నీకు తెలిసేదా?”

గేదె వీపు మీది కొంగ పకపకా నవ్వింది. “ఇంత మర్యాద తెలిసిన ముల్లుని నేనెక్కడా చూడలేదు” అంటూ కిందికి దిగి, వాచిన చోటే ముక్కు పెట్టి ముల్లుని పీకి పారేసింది.

మూడోనాడు మందతో పాటు ఏట్లో దిగుతూ గేదె కాలు చూసుకుంది. వాపు దాదాపు తగ్గిపోయింది.

“అప్పుడే పోతున్నావా? ఇంకో నాలుగు రోజులు ఉండరాదూ?” అంది గేదె వాపుతో.

“పని అయిపోయాక కూడా కూర్చుంటే నేనూ ముల్లునే అవుతాను” అంది వాపు, చల్లబడుతూ.