వకీలు బిడ్డ

"గడప దాటకు టీచరమ్మా! గాడనే అరుగు మీద కూసో."

బుచ్చమ్మ లోపలినుంచే కేక వేసింది. ఫ్యాను కింద కూర్చుందాం రమ్మని ఆమె మనవరాలు స్రవ్య చెయ్యి పట్టి లాగితే లేచిన స్వీటీ మళ్లీ చాప మీద కూలబడింది.

రెండు నెలలుగా ఇదే వరస. లాల్‌దర్వాజాలో పాలవ్యాపారం చేసే ఆ ఇంట్లోకి చుట్టాలు వెళతారు, పాలకొచ్చినవాళ్లు వెళతారు, ఆఖరికి దూడ కూడా దర్జాగా నడిమింటిదాకా వెళ్లొస్తుంది. ఉప్పుగూడ నుంచి వచ్చే ట్యూషన్ టీచరుకు మాత్రం అరుగే గతి. తాము చర్చికి వెళ్లేవాళ్లమనే ఈ పట్టింపని స్వీటీ అనుమానం. అయినా దిగమింగుకుంటోంది. ఎందుకంటే బుచ్చమ్మ చిన్నకొడుకు నందుకూ తనకూ రిజిస్ట్రారాఫీసులో పెళ్లయిపోయింది. తల్లితో చెప్పడానికి నందుకు నోరు పెగల్లేదు. 'ముందు నువ్వు మా అమ్మ మనసు గెలువు' అంటూ ఆమెను తన అన్న కూతురికి పాఠాలు చెప్పడానికి పంపాడు. మహా మొనగాడు!

ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలనే వచ్చింది స్వీటీ. స్రవ్య స్కూల్లో చెప్పాల్సిన కథను, లోపలికి వినబడేలా ఎత్తుకుంది.

"మూడున్నర వందల ఏండ్ల కిందటి ముచ్చట. ఇంగ్లండుల యాన్ హైడ్ అని ఒక వకీలు బిడ్డ ఉండె. రాజు తమ్ముడు, డ్యూకు, ఆమెను చాటుంగ పెండ్లి చేసుకున్నడు."

"డ్యూక్ అంటే బండి గద టీచర్?"

"కాదు, బిరుదు. రాజు తర్వాత అంత పెద్దోడు."

బుచ్చమ్మ పాలగిన్నె తుడుస్తూ గుమ్మంలోకి వచ్చింది. "చాటుంగ ఏంది?"

"రాజు తల్లికి ఇష్టం లేదమ్మా. మా ఇంటికి తగిన పిల్ల కాదన్నది."

"మరి మొగడేం జేసిండు?"

"నోరు మూసుకున్నడు. దోస్తులు ఆమె మీద లేనిపోనివి పుట్టిస్తే గూడ ఊకున్నడు."

"థూ! గసొంటోనికి మీసాలెందుకు? మా ఇంట్ల గూడ ఉన్నడు ఒకడు, పిల్లిని జూసినా జంకుతడు. పిల్ల ఏడ్సిందా?"

స్వీటీ గొంతు పెంచింది. "ఎవ్వల కాళ్లు పట్టుకోలేదమ్మా. నేను పెండ్లాన్ని అన్నది, ఆ మాట మీదనే నిలబడ్డది. ఆఖరికి రాజే, ఆమె మా మరదలు అన్నడు. దర్బారుల తలెత్తుకొని కూసున్నది. పొగరన్నరు. అననీ! ఆమె బిడ్డలిద్దరు రాణులైండ్రు."

చెబుతుంటే ఆమెకు ఒళ్లు పులకరించింది. యాన్ వకీలు బిడ్డ అయితే తను రైల్వే గ్యాంగ్‌మన్ డానియేలు బిడ్డ. ఎవరికి తక్కువ?

"అత్త ఏమన్నది?"

"దిగొచ్చింది. మీరైతే ఏం చేద్దురమ్మా?"

"నేనా? గడప తొక్కనియ్య! చాటు పెండ్లి చేసుకొని, పాఠం చెప్తననో, పాలు పోస్తననో ఇంట్ల జొరబడ్తే కోడలైపోతదా?"

కళ్లు మండినా స్వీటీ నీళ్లు రానివ్వలేదు. లేచి చీర సర్దుకుంది.

"రేపటిసంది నేను రానమ్మా. అరుగు మీద కూసునుడు ఇగ నాతోని గాదు. ఇంకొక మాట చెప్పి పోత. నేను..."

"నువ్వాగు!" బుచ్చమ్మ గల్లీ అంతా వినబడేలా అరిచింది. "ఓ రాజమణీ! ఓ వదినా! అందరు ఇటు రాండ్రి!"

ఎదురింటి రాజమణి పరుగున వచ్చింది. ఆమె వెనుక మరో నలుగురు. గల్లీ ముందు పరువు తీస్తుంది కాబోలు అనుకుంది స్వీటీ. తీయనీ. తను తప్పు చేయలేదు. తలెత్తి బుచ్చమ్మ కళ్లలోకే సూటిగా చూసింది.

బుచ్చమ్మ గడప పక్కకు జరిగింది.

"నాకు మొదటిసందే ఎరుక, గని నా కోడలు చాటుంగ కాదు, నలుగురు సూడంగ గడప దాటాలె. కుడికాలు ముందు పెట్టు బిడ్డా."