ఎవరు గెలుస్తారో తెలియని ఏడాది

కాకినాడ బాస్కెట్‌బాల్ జట్టు మూడేళ్లుగా అట్టడుగునే ఉంది. దాన్ని మళ్లీ నిలబెట్టే బాధ్యత మేనేజరు సువర్చలది. ఆటలు లేని ఆ వేసవి ఉదయం ఆమె బెండకాయలు తరుగుతూ వంటింటి గోడ మీది జోస్యం యంత్రాన్ని సలహా అడిగింది. అన్ని జట్ల దగ్గరా అదే యంత్రం. రాబోయే ఆటలన్నిటి ఫలితాలూ ముందే చెప్పేస్తుంది, ఇంక ఆటలు చూడ్డానికి ఎవరూ రారు.

"కెప్టెన్ నూకరాజును వదిలేస్తే?"

"ఆఖరి స్థానం."

"ఉంచుకుంటే?"

"ఆఖరి స్థానమే. అయినా వయసు మళ్లినవాణ్ణి వదిలేయడమే తెలివైన పని."

సువర్చల కత్తిపీట పక్కకు నెట్టి పడీపడీ నవ్వింది. ఎలాగూ ఆఖరే అయితే ఇంక భయమెందుకు? వెంటనే నూకరాజుకు ఫోన్ చేసింది.

"సామాన్లు సర్దేసుకున్నానండి మేడమ్ గారూ," అన్నాడతను దిగులుగా.

"విప్పేసుకోండి, మీరు ఉంటున్నారు. మీ పక్కన ఎవరు ఆడాలో కూడా మీరే చెప్పండి."

"నిజవేనాండీ? అయితే తునిలో చేపల లారీ నడిపే అప్పలకొండండి. ఎగిరాడంటే మరి దిగడండి బాబూ!"

ఆ రెండు పేర్లూ ఖాయం చెయ్యగానే యంత్రం మూగబోయింది. కాసేపటికి మిగతా జట్ల మేనేజర్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేశారు. కాకినాడ తెలివైన పనే చేస్తుందనుకుని, లారీ డ్రైవరును తెస్తుందని ఊహించక వాళ్ల యంత్రాలు కట్టిన లెక్కలన్నీ తలకిందులయ్యాయట.

"ఇప్పుడు ఎవరు గెలుస్తారండీ?"

"తెలీదు!" అంది సువర్చల. ఆ మాట అని ఎన్నేళ్లయిందో! మళ్లీ అనాలనిపించి వీధిలోకి పరుగెత్తి కేకేసింది.

మధ్యాహ్నానికల్లా స్టేడియం గేటు ముందు జనం బారులు తీరారు. ఆటలకింకా నాలుగు నెలలుందని ఎంత చెప్పినా కదల్లేదు.