ఒక్క నిమిషం తల్లీ

పగలంతా బందరులో మందుల కొట్టు. రాత్రి అన్నం తిన్నాక నాంచారయ్య, సముద్రం మీద చేపల వేటకెళ్ళే వాళ్ళ కోసం తను నడిపే వెబ్‌సైట్ ముందు కూర్చుంటాడు. రేపటి ఆటుపోట్ల వేళలు, గాలి జోరు అందులో పెడతాడు. తెల్లారగట్ల పడవలు తీసేవాళ్ళు అది చూసుకునే బయల్దేరతారు.

"నాన్నా, పడుకుందాం రా," అంది చిట్టి పక్కగదిలోంచి.

అతను తల ఎత్తలేదు.

"నాన్నా!"

"ఒక్క నిమిషం తల్లీ, వస్తున్నా," అన్నాడు, ఎప్పుడూ అనే మాటే.

అంతలో కీబోర్డు మీద వేళ్ళు ఆగిపోయాయి.

"మీకు ఆ కంప్యూటరే ఇల్లు," అని భార్య రోజా చిట్టిని తీసుకుని గుడివాడలోని పుట్టింటికి వెళ్ళిపోయి నెల దాటింది. అప్పట్నుంచీ ఈ ఇంట్లో అతన్ని పిలిచినవాళ్ళు లేరు.

రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారి పిలిచేదాకా పలకకూడదని వాళ్ళమ్మ చెప్పేది. గాలికి తిరిగేవి రెండుసార్లే పిలుస్తాయట. తను రెండోదానికే పలికాడు.

మూడో పిలుపు కోసం చెవులు రిక్కించాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

పక్కగదిలో మంచం కిర్రుమంది.

"పోనీలే నాన్నా, నేనే వస్తున్నా."

నాంచారయ్య వెనక్కి తిరగలేదు. కుర్చీలో కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.