పరీక్ష పూర్తి కాలేదు

పాత అలారం పెట్టె గాలి వీచినా గుండెలు బాదుకునేది. మెకానిక్ ఎందుకు, నేను లేనా అని కొత్తది నేనే బిగించాను. ఊరెళ్ళిన మావారు ఫోన్‌లో నవ్వారు.

"ఇల్లు నిలబడే ఉందా?"

"ఉంది. మీ పరువు కూడా."

ఇక మిగిలింది పరీక్ష. అన్ని గదుల్లో నడిచి రావాలి. ఏ గదిలో కదిలితే పెట్టె ఆ గది పేరు చెబుతుంది. ఆ తర్వాత నిమిషం పాటు ఇంట్లో ఏ కదలికా లేకపోతే వీధి తలుపు తాళం దానంతట అదే తెరుచుకుంటుంది. అందాకా లోపలివాళ్ళు లోపలే.

చీకటి పడుతుండగా ఒక్కదాన్నే అన్ని గదులూ తిరిగొచ్చి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి హాల్లో తలుపు పక్కనే కూర్చున్నాను.

"పడకగదిలో కదలిక," అంది పెట్టె. "పరీక్ష పూర్తి కాలేదు."

"కాసేపు కుదురుగా కూర్చోవే," అన్నారాయన.

"కూర్చునే ఉన్నానండీ."

"ఫ్యాన్ తిరుగుతోందేమో."

"అన్నీ ఆపేశాను."

"వంటగదిలో కదలిక."

వంటగదిలో లైటు వెలుగుతూనే ఉంది. గుమ్మంలోంచి గది మొత్తం కనిపిస్తోంది. ఎవరూ లేరు.

లేచి వీధి తలుపు గుంజాను. రాలేదు.

"హాల్లో కదలిక."

"అది నేనే," అన్నాను, పెట్టెకు సంజాయిషీ చెబుతున్నట్టు.

మళ్ళీ కూర్చుని ఊపిరి బిగబట్టాను. ఏ గది పేరూ వినిపించలేదు. నిమిషం నిండబోతోంది. తాళంలో గడియ మెల్లగా జరగడం మొదలైంది.

"హాల్లో కదలిక."

గడియ వెనక్కి వెళ్ళి బిగుసుకుంది.

"అబ్బా, ఎందుకు కదిలావే?" అన్నారాయన.

నేను కదల్లేదు.