గూడబాతు వెనక గాలి

చెరువు ఎండిపోవడంతో గూడబాతు ఒంటరిగా దూరపు సరస్సుకి బయలుదేరింది. దాని తోకని అంటిపెట్టుకుని ఒక చిన్న పరజ పిట్ట కూడా ఎగిరింది. ఆ పెద్ద రెక్కల చాటున ఎదురుగాలి తగలదు, సగం బలంతో ఎగిరితే చాలు. నోరెత్తితే తరిమేస్తుందేమోనని పరజ కిక్కురుమనలేదు. దారిలో ఎక్కడా దిగడానికి నీళ్ళు లేవు; ఆగకుండా ఎగిరిన రెండు రోజులూ పరజకి గూడబాతు తోక తప్ప ఇంకేమీ కనిపించలేదు.

పక్కగా పోతున్న కొంగ ఒకటి హెచ్చరించింది. "కాస్త ఎడంగా ఎగురు పిల్లా. దాని కళ్ళు నీకు కనిపించడం లేదంటే, నువ్వూ దానికి కనిపించవు."

'ఎడంగా వెళ్తే నీ రెక్కలిస్తావా?' అనుకుంది పరజ.

మూడో రోజు కింద నీళ్ళు మెరిశాయి. గూడబాతు ఉన్నపళాన రెక్కలు నిలువునా విప్పి వేగం ఆపేసింది. పరజ దాని వీపుకి గుద్దుకుని, రెక్క విరిగి ఒడ్డున పడింది.

గూడబాతు బిత్తరపోయి పక్కన దిగింది. "ఎక్కణ్ణుంచి వస్తున్నావే?"

"మన చెరువు దగ్గర్నుంచే."

"ఒక్కసారి పిలవకపోయావా! పలకరించే దిక్కు లేక దారంతా నాలో నేనే మాట్లాడుకుంటూ వచ్చాను."

"విన్నాను," అంది పరజ.

వానలు పడ్డాక గూడబాతు పాత చెరువుకి తిరిగి బయలుదేరింది. రెక్క అతకక పరజ సరస్సు ఒడ్డునే ఉండిపోయింది. దిగాల్సిన ప్రతిచోటా గూడబాతు ముందు గట్టిగా ఒక కూత వేసి, వెనక్కి తిరిగి చూసి, అప్పుడు దిగేది.

వెనక గాలి మాత్రమే ఉండేది.